డిండి మీద చేపల వేట: స్ప్రింగు ఎర పది నిమిషాల్లో ఖాళీ, తీగ తెగుడు, గుడారం గాలికి పోవుడు. ఏం మార్చాలె?

డిండి_ఒడ్డు
నెల రోజుల సంది ప్రతి శనివారం రాత్రి డిండి ప్రాజెక్టు మీద కూసుంటున్న. బంగారుతీగ, రవ్వ చేపల కోసం. జలేబీలు (తిలాపియా చేపలు) తప్ప ఒక్కటి పడ్తలేదు.
సామాను: 12 అడుగుల రాడ్లు రెండు, 6000 సైజు రీళ్లు, 0.28 మిల్లీమీటర్ల బ్రెయిడ్ (అల్లిన తీగ), ఎర ముద్ద వత్తే స్ప్రింగుకు 6 గాలాలు, రాడ్ కొసకు గంట.
ఎర: తవుడు, పల్లి చెక్క, జర మైదా, బెల్లం, గులాబీ ఎసెన్సు.
ఇబ్బందులు మూడు. ఒకటి, ఎర వేసిన నిమిషం సంది గంట మోగుతనే ఉంటది, పది నిమిషాలకు తీస్తే స్ప్రింగు కడిగినట్టు తెల్లగ వస్తది. రెండు, పెద్దది ఏదో పట్టి రెండు సార్లు తీగ తెంపుకపోయింది. మూడు, గాలి లేవంగనే గుంజలు పెరుక్కోని గుడారం నీళ్ల దాక దొర్లింది. అన్నలూ, కొత్త సామాను కొనాల్నా, ఉన్నదాన్నే సదురుకోవాల్నా?

జలేబి_బాధితుడు
జలేబీలు పడ్తున్నయంటే ఒక్కటి పడ్తలేదు అంటవేంది తమ్మీ, చింతపులుసు పెట్టుకో. నా సలహా ఇంతే. ఇగ పెద్దలు వస్తరు.

పాత_రీలు
తెగిన కొస ఎట్లుంది? నున్నగ కోసినట్టు ఉందా, కుచ్చు లెక్క పీచుపీచు ఉందా? చివర్ల చిన్న వంకీ తిరిగి ఉందా? అది చెప్తే కారణం అక్కడ్నే తెలుస్తది.

డిండి_ఒడ్డు
కుచ్చు లెక్క ఉందన్నా. సీసం గుండుకు ఒక గజం పైన తెగింది రెండు సార్లు సుత.

పాత_రీలు
అయితే ముడి తప్పు కాదు, రాయి కోసింది. వంకీ తిరిగి ఉంటే ముడి జారినట్టు. కుచ్చు ఉంటే రాపిడి.
బ్రెయిడ్ డబ్బా మీద 20 కిలోలు అని రాసి ఉంటది, అది గాలిల వేలాడదీసి లాగిన లెక్క. సన్న పోగులు అల్లిందే బ్రెయిడ్. బండ అంచుకు బిగువుగ ఒరుసుకుంటే ఒక్కో పోగు తెగుకుంట పోతది. పైగ సాగదు, చేప తల ఊపిన ప్రతి దెబ్బ నేరుగ గాలం మీద పడ్తది. మన దిక్కు రిజర్వాయర్లన్నీ రాతి గుండ్ల మీద, మోడుల మీద నీళ్లు నిలిపినయే. ఇక్కడ నైలాన్ తీగనే మేలు. మట్టి అడుగు అయితే 0.35, బండలు అయితే 0.40. రీలు మార్చే పని లేదు, 6000 స్పూలుల 0.35 సరిపోయేంత పడ్తది. అంచుకు 2 మిల్లీమీటర్లు తక్కువ దాక నింపు. ఇంకా తక్కువ ఉంటే తీగ అంచుకు తగిలి దూరం పోదు, ఎక్కువైతే చుట్టలు చుట్టలు ఊడి పడ్తది.
ఇగ డ్రాగు, అంటే చేప లాగితే తీగ వదిలే రీలు బిగువు. చానమంది దీన్ని పిడికిలి బిగించినట్టు బిగిస్తరు. 2 లీటర్ల సీసా నిండ నీళ్లు పొయ్యి, 2 కిలోలు అయితది. రాడ్ రింగులల్లకెళ్లి తీగ తీసి సీసా మెడకు కట్టు. రాడ్ మెల్లగ లేపు. సీసా నేల విడిచిందా లేదా అన్నప్పుడు రీలు కిర్రుమనాలె. 0.35 తీగకు అంతకంటె బిగువు వద్దు. పెద్దది పట్టినప్పుడు కంగారుల డ్రాగు తిప్పకు, స్పూలు అంచు మీద వేలు ఆనిస్తే చాలు.
ప్రతి చేప తర్వాత చివరి గజం తీగను రెండు గోర్ల నడుమ పట్టి లాగి చూడు. గరుకు తగిలితే కత్తిరించు. తీగ పైసలు చేప కంటె తక్కువనే.

స్ప్రింగు_వీరుడు
తీగ సంగతి పాత రీలు అన్న చెప్పిండు. ఎర నేను చెప్త. నీ పిండి మెత్తగ ఉంది, అందుకే పది నిమిషాలు.
తవుడు 1 కిలో, పల్లి చెక్క పొడి 250 గ్రాములు, మైదా 200 గ్రాములు, బెల్లం 100 గ్రాములు నీళ్లల్ల కరిగించి. నీళ్లు ఒక్కసారే పొయ్యొద్దు, చిలకరించుకుంట కలుపు. 20 నిమిషాలు తడిబట్ట కప్పి పెట్టు. తవుడు నీళ్లు తాగుతది, అప్పుడు అసలు గట్టితనం తెలుస్తది. చాలకపోతే మళ్ల చిలకరించు.
స్ప్రింగు మీద రెండు పొరలు. లోపలి పొర గట్టిగ వత్తాలె, పై పొర వదులుగ. పై పొర నీళ్లల్ల విడిపోయి వాసన పుట్టిస్తది, లోపలిది గాలాలను పట్టుకోని ఉంటది.
ఒడ్డునే బకెట్ల నీళ్లు పోసి ఒక ముద్ద వేసి గడియారం చూడు. 15, 20 నిమిషాలకు కూలాలె. అరగంటకు సుత రాయి లెక్క ఉంటే మైదా ఎక్కువైంది, ఆ ముద్దను చేప ముట్టదు. ఎండకాలం నీళ్లు వేడి కాబట్టి తొందరగ కూలుతది, మైదా 50 గ్రాములు పెంచు.
ఎసెన్సు కిలోకు 5 మిల్లీలీటర్లు దాటనియ్యకు. ఎక్కువైతే చేదు కొడ్తది. నాలుక మీద పెట్టుకోని చూస్తే నీకే తెలుస్తది.

మక్క_బుట్ట
వీరుడన్న లెక్క తప్పు కాదు గని ఈ రోగానికి ఆ మందు కాదు. గంట ఎడతెగకుండ మోగుతుందంటే కింద జలేబీలు, పరకలు (చిన్న చేపలు) మంద మీద ఉన్నయి. నువ్వు మైదా ఎంత పెంచినా పిండి పిండే. పది నిమిషాలది పదిహేను అయితది, అంతే. పైగ పొడి ఎర వాసన దూరం పోయి ఇంకిన్ని పరకలను పిల్చుకొస్తది.
చిన్న నోటికి పట్టనిది, గట్టిది పెట్టాలె. మన దగ్గర మక్కలకు కరువా?
ఎండు మక్కలు 2 కిలోలు. 24 గంటలు నానబెట్టు, గింజల మీద నాలుగు వేళ్ల నీళ్లు ఉండాలె, తాగుతయి. తర్వాత అదే నీళ్లల్ల అరగంట ఉడకబెట్టు. కుక్కర్ల అయితే నాలుగు కూతలు. గింజ గోరుతో నొక్కితే దిగాలె, చితకొద్దు. ఉడికిన నీళ్లు పారబోయకు, అందులనే మూత పెట్టి ఉంచు. చలికాలం మూడు రోజులు పడ్తది, మన ఎండలకు ఒకటిన్నర రోజుకే బుడగలు లేచి పుల్లవాసన వస్తది, నీళ్లు జిగటగ గంజి లెక్క అయితయి. అదీ కావాల్సింది. పైన తెల్ల నురుగు ఉంటే ఏం కాదు, నల్ల బూజు వస్తే పారెయ్యి.
నానకముందు డబ్బాల సగం దాక పొయ్యి. గింజ ఉబ్బితే రెండింతలు అయితది.

కోయిల్‌సాగర్_కట్ట
నానబెట్టినయి చాలవా? ఉడకబెట్టుడు ఎందుకు? గ్యాసు దండుగ.

మక్క_బుట్ట
చాలవు. సగం నానిన గింజ చేప కడుపుల పోయినంక మళ్ల ఉబ్బుతది. పశువు ఎండు గింజ మేసి నీళ్లు తాగితే కడుపుబ్బరం ఎట్లొస్తదో గదే తీరు. శనగలు, బబ్బర్లకు సుత ఇదే లెక్క. ఇంకో సంగతి, ఉడకని గింజల వాసన ఉండదు, పిండి బయటికి రాదు. గ్యాసు దండుగ అనుకుంటే కట్టెల పొయ్యి మీద పెట్టు.

మూడో_ముడి
మక్కలు గాలానికే గుచ్చితే లాభం లేదు, మొన కప్పుకపోతది. గాలం కింద వేలాడగట్టాలె, మొన ఉత్తగ ఉండాలె. కట్టే తీరు:
బ్రెయిడ్ పారెయ్యకు, గదే ఇక్కడ పనికొస్తది. 30 సెంటీమీటర్లు కత్తిరించు. ఒక కొసకు చిన్న ఉచ్చు వెయ్యి. క్రోషా సూదితో మూడు మక్కలు ఉచ్చు మీదికి ఎక్కించు. సంచులు కుట్టే దబ్బనం వద్దు, గింజ పగులుతది. ఉచ్చుల చీపురు పుల్ల ముక్క పెడితే గింజలు జారవు.
ఇప్పుడు 6 నంబరు గాలం తీసుకో, కన్ను గట్టిది. రెండో కొసను కన్నుల గాలం వీపు దిక్కు నుంచి దూర్చి, గింజలు గాలం వంపు కింద 5 మిల్లీమీటర్లు వేలాడేటట్టు సరిచెయ్యి. దారాన్ని గాలం కాడకు ఆనించి పట్టి, పొడుగు కొసతో కాడ చుట్టూ కిందికి 8 చుట్లు వెయ్యి. ఆ కొసను మళ్ల కన్నులకెళ్లే తియ్యాలె, వీపు దిక్కు నుంచి మొన దిక్కుకు. ఉమ్మి తడి చేసి బిగించు. ఎండు ముడి బిగిస్తే రాపిడి వేడికి దారం కాలుతది, నైలాన్‌కు మరీ ఎక్కువ.
ఆఖరి దూర్పుడు తిరగేస్తే గాలం తిరగదు, చేప నోట్లకెళ్లి బల్లపరుపుగ జారి వస్తది. సరిగ్గ కట్టినవా లేదా చూడాలంటే అరచెయ్యి మీద పెట్టి దారం మెల్లగ లాగు. మొన చర్మం దిక్కు తిరిగి గుచ్చుకోవాలె.
పూర్తయినంక 18 సెంటీమీటర్లు మిగులుతది. దాని కొసకు స్వివెల్ (తీగ మెలి పడకుండ తిరిగే చిన్న కడియం).
గుండు 80 నుంచి 100 గ్రాములు, నడుమ బెజ్జం ఉన్నది. తీగ గుండుల నుంచి వచ్చి స్వివెల్‌కు కట్టుకోవాలె. స్వివెల్ మీద సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగి గుండు కొసను అందుల కొద్దిగ దూర్చు. బంగారుతీగ మట్టి పీల్చినట్టు ఎరను పీలుస్తది, నచ్చకపోతే ఊస్తది. పీల్చి తల లేపంగనే ఆ 100 గ్రాముల బరువు దిగ్గున తగిలి మొన కింది పెదవిల దిగుతది. నువ్వు గుంజే పని లేదు. అందుకే ఆ గుండు నిలకడగ ఉండాలె, కానీ గట్టిగ లాగితే ట్యూబులకెళ్లి ఊడి రావాలె. పైన తీగ తెగినా చేప గుండును మోసుకుంట తిరిగి చావొద్దు.

స్ప్రింగు_వీరుడు
ఇవన్ని సదువుతుంటే ఐటీఐ పాఠం లెక్క ఉంది. రవ్వకు ఈ మక్కల ముడి పనికిరాదు, రాసి ఇస్త. రవ్వ నోరు చిన్నది, పెదవికి కుచ్చులు ఉంటయి, అది పిండిని జుర్రుకుంటది. మూడు మక్కలు బలవంతంగ నోట్లె పెట్టినా తినదు. మీరు చెప్పేది ఒట్టి బంగారుతీగ సంగతి.

మక్క_బుట్ట
గది నిజమే, ఒప్పుకుంటున్న. ఏ చేప కావాల్నో ముందు తేల్చుకోవాలె. బంగారుతీగ అడుగు తవ్వుతది, దానికి గింజ. రవ్వ నడుమ నీళ్లల్ల, అడుగుకు దగ్గర తిరుగుతది, పొడి వాసనకు వస్తది. మెరిగకు బురద కావాలె, నోరు కిందికి ఉంటది, 10 నంబరు గాలం, గోరంత పిండి. డిండి_ఒడ్డు తమ్ముడు రెంటినీ ఒకే ముద్దతో పిలుస్తుండు, వచ్చేది జలేబీ.

పాత_రీలు
స్ప్రింగు పెట్టు, నేను కాదన. గాలాలు ఆరు ఎందుకు? రెండు చాలు. చేప పట్టేది ఒక్క దానితోనే. మిగిలిన అయిదు దాని ఒంటికి, బండలకు, నీ చేతి వలకు, ఆఖరుకు నీ బొటనవేలికి పడ్తయి. తీగ తెగితే ఆ గుత్తి మొత్తం దాని మూతికి తాళం వేసినట్టు. డిండి అడుగున మోడులున్న చోట ఆరు గాలాల స్ప్రింగు అంటే ప్రతి మూడో వేటుకు ఒక స్ప్రింగు నీళ్ల పాలు.

స్ప్రింగు_వీరుడు
సరే అన్నా, రెండు. కానీ రెండూ స్ప్రింగుకు చెరొక దిక్కు ఉండాలె, 5 సెంటీమీటర్ల దారంతో. ఒక దిక్కే కడితే ముద్ద ఆ దిక్కు ఒరిగి గాలాలు మట్టిల కూరుకపోతయి.

డిండి_ఒడ్డు
మస్తు సంతోషం. ఒక రాడ్ మక్కలు, ఒక రాడ్ రెండు గాలాల స్ప్రింగు పెడ్త. గుడారం సంగతి ఎవరన్న చెప్పండి. ఇనుప గుంజలు వేలంత పొడుగువి, గుడారంతో పాటు వచ్చినయి.

చట్టుబండ
ఆ గుంజలు పట్నంల పార్కుల గడ్డి మీద దిగేటందుకు. వాటిని ఇంట్లనే పెట్టు.
నేల మూడు తీర్లు మన దిక్కు, మూడింటికీ మూడు పనులు.
నల్లరేగడి: ఎండకాలం నెర్రెలిస్తది, గుంజ దిగుతది గని వదులుగ ఉంటది. అడుగున్నర పొడుగు ఇనుప చీల, చిన్న సుత్తె. నెర్రెల దిగ్గొట్టకు, రెండు నెర్రెల నడుమ గడ్డ మీద కొట్టు. వాన పడితే ఇదే నేల జారుడుబండ, చీల వెన్నల నుంచి వచ్చినట్టు వస్తది. అప్పుడు ప్రతి చీల మీద తలంత రాయి పెట్టు.
ఎర్ర చెల్క: దిగుడు కష్టం, దిగితే కదలదు. ముందు నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగు.
బండ: నాగార్జునసాగర్ వెనుక నీళ్లు, డిండి గుట్ట దిక్కు ఇదే ఎక్కువ. చీలలు మరిచిపో. నాలుగు యూరియా సంచులు తీసుకపో, ఖాళీగనే. ఒడ్డున ఇసుక, గులకరాళ్లు 20 కిలోల దాక నింపి మూతి కట్టి, తాడు ఆ ముడికి కట్టు. రాయికి నేరుగ తాడు చుడితే అర్ధరాత్రి దాక రాపిడి తిని తెగుతది.
చీల నిలువుగ కొట్టకు. తల గుడారానికి దూరంగ ఒరిగేటట్టు 45 డిగ్రీలు. తాడు, చీల నడుమ మూల 90 డిగ్రీలు ఉండాలె. గాలికి ఎదురు దిక్కు తాళ్లు రెండింతలు వెయ్యి.
ద్వారం గాలి దిక్కు పెట్టినవో, అది గొడుగు తిరగబడ్డట్టే. వీపు గాలి దిక్కు, ద్వారం నీళ్ల దిక్కు దొరకకపోతే ద్వారం పక్కకు తిప్పుకో, మెడ తిప్పి గంట చూస్కో. నీ గుడారం దొర్లిందంటే అది ఎత్తు ఎక్కువ ఉన్న గోపురం రకం, లోపల మనిషి సుత లేడు. బయట కూసున్నప్పుడు నాలుగు మూలలల్ల నీళ్ల డబ్బాలు పెట్టు.
ఇవన్ని ఎందుకనుకుంటే 12 అడుగులు, 15 అడుగుల తాటిపత్రి, రెండు వెదురు బొంగులు. వెనుక అంచు నేలకు ఆనించి రాళ్లు, ముందు అంచు నడుము ఎత్తుకు. గాలి దాని మీది నుంచి జారిపోతది. ఇంత కంటె తక్కువ ఖర్చుల నిలబడేది లేదు.

సోమశిల_రేవు
చట్టుబండ చెప్పింది రాత్రికి, వానకు. మే నెల పగలు తాటిపత్రి కింద కూసుంటే ఇడ్లీ లెక్క ఉడుకుతవు. నర్సరీలకు వేసే పచ్చ షేడ్ నెట్ తీసుకో, 75 శాతందైతే మంచిది. గాలి దానిలకెళ్లి పోతది కాబట్టి ఎగరదు, కింద చల్లగ ఉంటది. రెండూ ఉంటే నెట్ పైన, తాటిపత్రి కింద, నడుమ జానెడు సందు. సందు లేకపోతే పైన వేడి కిందికి దిగుతది, ఏం లాభం లేదు.
రాత్రి పడుకునే చోటుకు, నీళ్ల అంచుకు నడుమ నిలువు ఎత్తు నీ ఛాతి అంత ఉండాలె. నీళ్లు ఎంత దూరంల ఉన్నయి అన్నది లెక్క కాదు, ఎంత కింద ఉన్నయి అన్నది లెక్క.

కోయిల్‌సాగర్_కట్ట
దానికి తోడు ఇంకోటి. ప్రాజెక్టు కింది దిక్కు ఎండు వాగుల ఎన్నడూ గుడారం వెయ్యొద్దు. గేటు ఎత్తేముందు సైరన్ కొడ్తరు అనుకుంటం, సరళాసాగర్‌ల అయితే గేట్లే ఉండవు. సైఫన్లు అవి. నీళ్లు మట్టం దాటంగనే వాటంతట అవే పోస్తయి, ఎవ్వరు మీట తిప్పరు, అర్ధరాత్రి అని చూడవు.

మూడో_ముడి
మెరుపుల సంగతి ఎవ్వరు అనలే. కార్బన్ రాడ్ అంటే కరెంటు పారే కట్టె, 12 అడుగులది ఆకాశం దిక్కు చూపెట్టుకోని నిలబడ్డట్టు. మే, జూన్‌ల ఈదురుగాలి వానకు ఉరుము వినబడంగనే రాడ్లు నేల మీద పండబెట్టి దూరం పో. ఒంటరి తుమ్మ చెట్టు కింద వద్దు. కారు ఉంటే కార్ల కూసో, అద్దాలు మూసి.

జలేబి_బాధితుడు
అంటే జలేబీలు పట్టుకునేటందుకు సైఫన్లు, పిడుగులు, ఐటీఐ, క్రోషా సూది. మా అమ్మ "చేపలు అంగట్ల దొరుకుతయి బిడ్డా" అన్నది ఊకె కాదు.

డిండి_ఒడ్డు
😂 మేత ఎంత వెయ్యాలె? రాడ్ దూరం 50 గజాల దాక పోతది, మక్కలు చేత్తో విసిరితే 15 గజాలు దాటుతలెవ్వు.

మక్క_బుట్ట
చేప 50 గజాల కాడనే ఉందని ఎవరు చెప్పిండ్రు? రాత్రి బంగారుతీగ మోకాళ్ల లోతుకు సుత వస్తది, ఒడ్డు మీద లైట్లు, కాళ్ల చప్పుడు లేకపోతే. ముందు 15 గజాల్లనే వేసి చూడు.
దూరమే కావాలంటే మట్టి ముద్దలు చెయ్యి. చెరువు ఒండ్రు మట్టి ఒక పాలు, తవుడు రెండు పాళ్లు, ఉడికిన మక్కలు రెండు పాళ్లు. బత్తాయంత ముద్ద. మట్టి బరువుకు చేత్తోనే 25 గజాలు పోతది, నీళ్లకు తగిలినప్పుడు పగలదు. జలేబీల పోరు ఉన్నకాడ తవుడు తీసెయ్యి, మట్టి, మక్కలే. చెక్క పొడి అసలు వద్దు.
లెక్క: మొదలు 6 ముద్దలు. తర్వాత చేప పడితేనే 2 ముద్దలు. పడకపోతే ఏం వెయ్యకు.

పాత_రీలు
ఇక్కడ నాకు వేరే మాట ఉంది. ఒక్క రాత్రికి అయితే మక్క_బుట్ట లెక్కనే. శనివారానికి ముందు గురు, శుక్రవారాలు సుత వెళ్లే తీరుబడి ఉంటే, అదే చోటు, అదే వేళకు రోజూ కిలో ఉడికిన మక్కలు వెయ్యి, గాలం వెయ్యకుండ. మూడో రోజుకు చేప ఆ వేళకు ఆ జాగల తిరుగుతది. పెద్ద నీళ్లల్ల, సాగర్ వెనుక, సోమశిల దిక్కు ఇదే దారి, లేకుంటే చేప నీ ఎర కాడికి వచ్చుడు లాటరీ.

మక్క_బుట్ట
కిలో అన్నరు, సంతోషం. కొందరు తట్టల కొద్ది పోస్తరు. తినంగ మిగిలింది ఆ వేడి నీళ్లల్ల రెండో రోజుకు కుళ్లుతది, అడుగున గాలి చెడిపోయి చేప ఆ చోటే విడుస్తది. నువ్వే మేత వేసి నువ్వే వెళ్లగొట్టినట్టు.

పాత_రీలు
అడుగు ఏం ఉందో చూడకుండ ఎంత వేసినా అంతే. ఉత్త గుండు కట్టి విసిరి, తీగ బిగువు పెట్టి మెల్లగ లాగు. టకటక తగిలితే గులక, నున్నగ జారితే ఇసుక లేదా గట్టి మట్టి, అంటుకోని లాగితే బురద. తీసినంక గుండు వాసన చూడు. కోడిగుడ్డు కుళ్లిన వాసన, నల్ల బురద వస్తే ఆ చోటు వదులు. బురద అంచు దాటి గట్టి అడుగు మొదలైన చోట వెయ్యి. తప్పక బురదల వెయ్యాలంటే 18 సెంటీమీటర్ల దారం 30 చెయ్యి, లేకపోతే గుండు ఎరను లోపలికి గుంజుకపోతది.
ఆ చోటు మళ్ల దొరకాలె గద. ఒడ్డు మీద రెండు కట్టెలు 12 అడుగుల దూరంల పాతి, తీగను వాటి చుట్టూ తిప్పి లెక్కపెట్టు. ఒక కట్టె నుంచి ఇంకో కట్టెకు పోతే ఒక తిప్పు, 11 తిప్పులు అంటే 132 అడుగులు. తీగ స్పూలు క్లిప్పుల పెట్టు. చేప కోసం రాడ్ పెట్టేముందు క్లిప్పుల నుంచి తీసుడు మరువకు, మరిస్తే తీగ పటుక్కున తెగుతది.

సోమశిల_రేవు
ఎండకాలమే తిరిగి చూడుండ్రి, నీళ్లు తగ్గినప్పుడు. సాగర్ నిండితే 590 అడుగులు, శ్రీశైలం 885. మట్టం రోజూ పేపర్ల వస్తది. సంగమేశ్వరం గుడి నీళ్లలకెళ్లి బయటపడ్డ రోజుల్ల మా దిక్కు పాత బాటలు, బావుల గడ్డలు, మోడులు అన్ని కండ్ల ముందట ఉంటయి. ఫోన్ల ఫొటో, పక్కన గుట్ట గుర్తు పెట్టుకుంటే నిండినంక ఆ పాత బాట అంచునే వెయ్యొచ్చు.
అడవి దిక్కు ఒడ్డుల సంగతి సుత యాదికి పెట్టుకోండ్రి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆ నీళ్ల దాక ఉంది, అనుమతి లేకుండ రాత్రి మకాం నేరం. కృష్ణల మొసళ్లు ఉన్నయి, చేపలు కడిగిన చోటనే కాళ్లు కడుక్కోవద్దు.

బొచ్చె_పిచ్చోడు
అందరూ అడుగు, అడుగు అంటున్నరు. బొచ్చె గురించి ఎవ్వరు చెప్పరా? 100 గ్రాముల గుండు వేసి రాత్రంత కూసున్నా బొచ్చె ఒక్కటి ముట్టదు.

స్ప్రింగు_వీరుడు
దాని నోరు పైకి తెరుచుకోని ఉంటది భయ్, కిందిది ఎట్ల తింటది? పై నీళ్లల్ల కండ్లకు కనబడని పురుగులను వడబోసుకోని తింటది. పెద్ద బెండు కట్టు, స్ప్రింగు బెండుకు మూడు, నాలుగు అడుగుల కింద. పిండి పుట్నాల పొడి, మరమరాల పొడి సగం సగం, తడి పొడిగ. నీళ్లల్ల పొగ లెక్క లేవాలె. 15 నిమిషాలకు ఒకసారి తీసి మళ్ల అదే చోట వెయ్యి. రెండు గంటలు అట్ల వేస్తే మంద ఆ పొగకు అలవాటు పడ్తది. బెండు మునుగుడు కాదు, పండుకున్నట్టు అడ్డం పడితే గుంజు, అది ఎరతో పైకి లేస్తుంది.

కోయిల్‌సాగర్_కట్ట
ఊరి చెరువుల తెల్లారగట్ల చేపలు అన్ని మూతి బయటపెట్టి గుటకలు వేస్తుంటే "బొచ్చెలు లేచినయి" అని మేత పోసేరు. పచ్చ నీళ్ల చెరువుల తెల్లారేసరికి గాలి తక్కువైతది, అవి ఊపిరి కోసం లేచినయి, మేతకు కాదు. ఆ పూట పట్టిన చేపను వదిలినా బతకదు. పొద్దెక్కినంక వెయ్యి.
ఇంకా ముఖ్యం, చెరువు చేప సంఘంది. మత్స్య సహకార సంఘం వాళ్లను అడగకుండ గాలం వెయ్యొద్దు. రిజర్వాయర్ల సుత థర్మకోల్ ముక్కలు వరుసగ తేలుతుంటే అది వల, దాని మీది నుంచి విసరకు. మన సరదా గాలం వాళ్ల రెండు వేల వల చింపుతది.

మూడో_ముడి
మక్కలకు సుత జలేబీలు అలవాటు పడే చోట బాయిలీలే (ఉడకబెట్టి ఆరబెట్టిన గట్టి ఎర ఉండలు) దిక్కు. కొనుడు ఎందుకు, ఇంట్ల చేసుకోవచ్చు. బొంబాయి రవ్వ 200 గ్రాములు, సోయా పిండి 200, పల్లి చెక్క పొడి 100. గుడ్లు 6 గిన్నెల కొట్టి, అందుల రెండు చెంచాల బెల్లం నీళ్లు, చిటికెడు ఇంగువ. పొడి కొద్ది కొద్దిగ కలుపు. చేతికి అంటకుండ, చపాతి పిండి అంత గట్టిగ ఉండాలె. మన గుడ్లు చిన్నవి, పొడిపొడిగ ఉంటే ఇంకోటి కొట్టు. 18 మిల్లీమీటర్ల ఉండలు, పెద్ద రేగుపండు అంత. మరిగే నీళ్లల్ల ఒక్క వాయికి ఇరవై మించకుండ 2 నిమిషాలు. ఎక్కువ వేస్తే నీళ్ల మరుగు ఆగి ఉండలు పగులుతయి. నీడల గుడ్డ మీద 24 గంటలు ఆరబెట్టు. ఎండల పెడితే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగ ఉంటది, మూడో రోజు బూజు.

జలేబి_బాధితుడు
ఆరు గుడ్లు! ఇంట్ల పొరటుకు రెండే ఇస్తరు. చేపలకు ఆరు అని తెలిస్తే నన్నే తాటిపత్రి కింద పండబెడ్తరు.

డిండి_ఒడ్డు
మొన్న శనివారం: 0.40 తీగ, సీసాతో డ్రాగు, మక్కలు మూడు, 18 సెంటీమీటర్ల దారం, 22 గజాల కాడ గట్టి అడుగు. 6 మట్టి ముద్దలు, తవుడు లేదు. గంట రాత్రంత మూడు సార్లే మోగింది. బంగారుతీగలు రెండు, ఒకటి 3 కిలోల పైన. తాటిపత్రి కదల్లేదు. స్ప్రింగు రాడ్‌కు మళ్ల జలేబీలే, ఏడు.
మూడో సారి మోగినప్పుడు ఒక్క లాగుకు వదిలేసింది. గాలం తీసి చూస్తే మొన కొస కొద్దిగ మడత పడి ఉంది. గాలం పనికిరానిదా, రాయికి తగిలిందా?

పాత_రీలు
రాయికే. ప్రతి వేటు ముందు మొనను బొటనవేలి గోరు మీద ఏటవాలుగ పెట్టి లాగు, గీత పడి ఆగాలె. జారితే మార్చు, ఆకురాయితో నూరుడు వద్దు, పైపూత పోయి తుప్పు పడ్తది. గులక అడుగు కాడ ప్రతి రెండు, మూడు వేట్లకు ఒక గాలం పోతది అని లెక్కేసుకోని డజను కట్టుకోని పో.

స్ప్రింగు_వీరుడు
స్ప్రింగుకు ఏడు జలేబీలు అంటే రెండు గాలాలకు ఏడు. ఆరు ఉంటే ఇరవై అయితుండె. నేను గెలిచినట్టే.